దౌ: ఇంగ్లీషు పోగొట్టుకున్న ఏకవచనం

ఇంగ్లీషు–తెలుగు నిఘంటువుల్లో 'దౌ' అనే సర్వనామానికి 'నీవు' అన్న అర్థమూ, పక్కనే అది వాడుక తప్పిన మాట అన్న సూచనా తప్ప సాధారణంగా మరేమీ దొరకదు. ఆ అర్థం తప్పు కాదు గాని, దానితో సరిపెట్టుకున్న పాఠకుడు షేక్‌స్పియర్ నాటకంలోనో, పాత బైబిలు అనువాదంలోనో, ఆంగ్ల గీతాంజలిలోనో ఆ మాట ఎదురైనప్పుడు దాన్ని మామూలు 'యూ' కన్నా ఒక మెట్టు పైనున్న గౌరవవాచకంగా పొరబడటం తరచు జరుగుతుంది. ఇంగ్లీషు మాతృభాషగా గలవారిలో కూడా చాలామంది ఈ పొరపాటులోనే ఉన్నారు. ఆ మాట ఇంగ్లండులో ఇంటా బయటా నలిగిన కాలంలో దాని స్థానం ఇందుకు పూర్తిగా విరుద్ధంగా ఉండేది. తల్లి బిడ్డను, యజమాని సేవకుణ్ణి, ప్రియుడు ప్రియురాలిని, తగాదాకు దిగినవాడు ఎదుటివాణ్ణి పిలిచిన పిలుపు అది. తెలుగు 'నువ్వు'లోని చనువూ చులకనా రెండూ అందులో ఉండేవి. అటువంటి మాటకు దేవాలయ గాంభీర్యం ఎక్కడిదన్నదే దాని చరిత్రలో తేల్చుకోవలసిన సంగతి.

మొట్టమొదట దానికి చనువూ చులకనా ఏవీ అంటలేదు, అది కేవలం వచనాన్ని తెలిపే మాట. నార్మన్లు 1066లో ఇంగ్లండును జయించడానికి ముందరి భాషను పండితులు ప్రాచీనాంగ్లమంటారు. అందులో ఈ సర్వనామం రూపం 'థూ'. ఎదుట ఉన్నది ఒక్కరైతే, ఆ ఒక్కరు రాజైనా బానిసైనా, 'థూ' అనే అనవలసి ఉండేది. ఇద్దరుంటే 'యిట్' అనే ద్వివచనం, అంతకు మించితే 'యే' అనే బహువచనం వాడేవారు కాబట్టి, సంస్కృత శబ్దమంజరి వల్లించినవారికి ఈ విభజన కొత్తగా తోచదు. నిజానికి లాటిన్ 'తూ', సంస్కృతంలోని 'త్వమ్', హిందీలోని 'తూ' అన్నీ ఒకే ఇండో–యూరోపియన్ మూలం నుంచి వచ్చినవి, 'థూ' వాటికి తోబుట్టువు. తెలుగు 'నీవు', కన్నడ 'నీను', తమిళ 'నీ' ద్రావిడ కుటుంబానికి చెందినవి గనుక వాటికి దీనితో అర్థసామ్యమే తప్ప పుట్టుకలో బంధుత్వం లేదు. కాలక్రమంలో ద్వివచనం అంతరించింది. తరవాతి శతాబ్దాల్లో ఇంగ్లీషు దీర్ఘాచ్చులన్నీ స్థానం మార్చుకున్న పెద్ద పరిణామంలో, 'హూస్' అన్న ఉచ్చారణ 'హౌస్' అయినట్లే, 'థూ' కూడా అచ్చు మారి, మొదటి హల్లు మెత్తబడి 'దౌ' అయింది.

ఒక్కరినే బహువచనంతో పిలిచి గౌరవించే పద్ధతి, అంటే తెలుగులో 'మీరు' చేసే పని, ఇంగ్లీషులో సొంతంగా పుట్టినది కాదు. అమెరికన్ మనోవిజ్ఞానవేత్త రోజర్ బ్రౌన్, సాహిత్యాచార్యుడు ఆల్బర్ట్ గిల్మన్ 1960లో ప్రచురించిన ప్రసిద్ధ వ్యాసంలో ఈ ఆచారం మూలాన్ని నాలుగో శతాబ్దపు రోమను సామ్రాజ్యంలో వెతికారు. అప్పట్లో తూర్పున ఒక చక్రవర్తి, పడమట ఒక చక్రవర్తి ఉండి, ఇద్దరి పాలనా సిద్ధాంతరీత్యా ఒకటే కావడం వల్ల ఒకరితో మాట్లాడినా ఇద్దరితో మాట్లాడినట్లే భావించి 'వోస్' అనే బహువచనం వాడి ఉంటారని ఒక వివరణ, అధికారానికీ అనేకత్వానికీ మనుషుల మనసులో సహజంగానే ముడి ఉంటుందని మరొక వివరణ ఇచ్చారు. లాటిన్ 'తూ', 'వోస్' మాటల తొలి అక్షరాలను బట్టి వారు పెట్టిన 'టీ–వీ భేదం' అన్న పేరు భాషాశాస్త్రంలో స్థిరపడింది. వారి మొదటి వివరణ ఎంత ముచ్చటగా ఉన్నా, రోముతో ఏ సంబంధమూ లేని తెలుగులో, కన్నడంలో సైతం బహువచనమే గౌరవానికి గుర్తయిందని గమనిస్తే రెండో వివరణే గట్టిదని తోస్తుంది. ఏమైనా ఆ ఆచారం ఫ్రెంచిలో 'తు', 'వు' అన్న జంటగా నిలిచి, నార్మన్ ప్రభువుల వెంట ఇంగ్లండుకు చేరి, 13వ శతాబ్దానికి ఇంగ్లీషు మాటల్లోకి ఇంకింది. పెద్దలకు 'యీ', 'యూ' అన్న బహువచన రూపాలు దక్కాయి. చిన్నవారికి, దగ్గరివారికి 'దౌ' మిగిలింది.

తెలుగులో ఎవరైనా పరాయివాణ్ణి 'నువ్వు' అంటే 'ఏకవచనంలో మాట్లాడాడు' అని ఫిర్యాదు చేస్తారు. ఇంగ్లీషులో ఇదే ఫిర్యాదుకు వీలుగా 'దౌ' అన్న సర్వనామాన్నే క్రియగా మార్చి, 'ఒకణ్ణి దౌ చేయడం' అనేవారు; ఫ్రెంచిలో, జర్మనులో ఇటువంటి క్రియలు ఇప్పటికీ ఉన్నాయి. ఆ క్రియ ఎంత పదునైనదో 1603 నవంబరులో వించెస్టరులో జరిగిన సర్ వాల్టర్ రాలీ విచారణ చెబుతుంది. కొత్తగా గద్దెనెక్కిన మొదటి జేమ్సు మీద కుట్ర పన్నాడన్న అభియోగంతో తెచ్చిన ఆ వీరుణ్ణి, అటార్నీ జనరల్ ఎడ్వర్డ్ కోక్ నిండు సభలో 'దౌ' అని పిలవడమే గాక, ద్రోహి గనుకనే అలా పిలుస్తున్నానని స్పష్టమయ్యేటట్లు దాన్ని క్రియగానూ ప్రయోగించాడు. షేక్‌స్పియర్ 'ట్వెల్ఫ్త్ నైట్'లో సర్ టోబీ తన వెర్రి మిత్రుడికి ద్వంద్వయుద్ధపు సవాలు ఎలా రాయాలో నేర్పుతూ, ఎదుటివాణ్ణి మూడుసార్లు 'దౌ' అంటే చెడ్డ ఉండదని సలహా ఇస్తాడు. అది కోక్‌కు వేసిన చురక అని 18వ శతాబ్దపు సంపాదకుడు లూయిస్ థియోబాల్డ్ ఊహించాడు గాని, ఆ నాటకం 1602 ఫిబ్రవరి 2నే మిడిల్ టెంపుల్ న్యాయవిద్యాలయంలో ప్రదర్శితమైనట్లు జాన్ మానింగ్‌హామ్ అనే విద్యార్థి దినచర్యలో తరవాత బయటపడటంతో ఊహ వీగిపోయింది. ఏకవచనంతో అవమానించడం ఎవరినో చూసి నేర్చుకోనక్కరలేని విద్య. వీధిలో అందరికీ తెలిసినదే.

షేక్‌స్పియర్‌ను చదివేటప్పుడు ఈ భేదం తెలిసి ఉంటే సంభాషణల్లో దాగిన కదలిక కళ్లకు కడుతుంది. హామ్లెట్ తల్లి గదిలోకి వచ్చిన ఘట్టంలో ఆమె మొదటి మాటగా కొడుకును 'దౌ' అని, అంటే తల్లికి సహజమైన చనువుతో మందలిస్తుంది. అతడు అదే వాక్యాన్ని ఆమె మీదికి తిప్పుతూ బిగుసుకుపోయిన 'యూ'తో బదులిస్తాడు. మరుక్షణం తల్లి కూడా 'యూ'లోకి మారిపోతుంది. మూడు వాక్యాల్లో తల్లీకొడుకుల మధ్య దూరం పెరిగిందన్న సంగతి కేవలం సర్వనామాలే చెప్పాయి. 'యూ' తప్ప మరొకటి లేని నేటి ఇంగ్లీషు ప్రేక్షకుడికి చేజారే ఈ సూక్ష్మాన్ని, ఇంట్లో అమ్మను 'నువ్వు' అనీ అలిగినప్పుడు 'మీరు' అనీ అనే తెలుగువారు వివరణ లేకుండానే పట్టుకోగలరు. అయితే ప్రతి మార్పు వెనకా మర్మం వెతకడం కూడా సబబు కాదు. అప్పటికే 'యూ' మామూలు మాటగా స్థిరపడి, 'దౌ' అన్నదే ప్రత్యేకించి చెవిన పడే ప్రయోగమైంది. కొన్నిచోట్ల రెండూ ఏ కారణమూ లేకుండా కలగలిసి కూడా వస్తాయి.

ఇక ప్రయోగ నియమాలు. కర్తగా ఉన్నప్పుడు 'దౌ', కర్మగా ఉన్నప్పుడు 'దీ' అంటే 'నిన్ను', 'నీకు'. 'నీ' అన్న షష్ఠికి హల్లు ముందర 'దై', అచ్చు ముందర 'దైన్'. 'నీది' అని విడిగా చెప్పవలసినప్పుడు ఎప్పుడూ 'దైన్'. క్రియ కూడా కర్తతో పాటు మారాలి. తెలుగులో 'నువ్వు చేశావు', 'మీరు చేశారు' అన్నంత నిక్కచ్చిగా 'దౌ' వచ్చిన చోట క్రియ చివర 'ఎస్ట్' గాని 'స్ట్' గాని చేరుతుంది. సహాయక క్రియలు మాత్రం 'ఆర్ట్', 'హాస్ట్', 'షాల్ట్', 'విల్ట్' అని ప్రత్యేక రూపాలు ధరిస్తాయి. సినిమాల్లో, ప్రకటనల్లో పాతకాలపు వాసన కోసం 'దౌ' వాడేవారు సాధారణంగా బోల్తా పడేది ఇక్కడే. 'హాత్', 'డత్', 'మేకెత్' వంటి 'ఎత్' రూపాలు ప్రథమ పురుషకు, అంటే అతడు, ఆమె, అది అన్నవాటికి చెందినవి; వాటిని 'దౌ' పక్కన పెట్టడం తెలుగులో 'నువ్వు చేశాడు' అన్నంత అపశ్రుతి.

'దౌ'కు పవిత్రత అంటుకోవడానికి మూలం బైబిలు అనువాదమే గాని, అనువాదకుల ఉద్దేశం అది కాదు. విలియం టిండేల్ 1526లో కొత్త నిబంధనను గ్రీకు నుంచి ఇంగ్లీషు చేసి అచ్చు వేయించినప్పుడు, మూలభాషలో ఏకవచనం ఉన్నచోట 'దౌ', బహువచనం ఉన్నచోట 'యీ' అని ఖచ్చితంగా పాటించాడు. రాజు జేమ్సు పేరిట 1611లో వెలువడిన అనువాదం ఆ దారినే నడిచింది. అందుచేత ఆ గ్రంథంలో దేవుడూ 'దౌ'నే, సైతానూ 'దౌ'నే, ఫరో చక్రవర్తీ 'దౌ'నే. ఈ పద్ధతికి ఉన్న ప్రయోజనం లూకా సువార్త 22వ అధ్యాయంలో తేటగా కనిపిస్తుంది: సైతాను శిష్యులందరినీ కోరుకున్నాడని యేసు సీమోనుతో చెప్పేటప్పుడు బహువచనమూ, అతడొక్కడి కోసం ప్రార్థించానని చెప్పేటప్పుడు ఏకవచనమూ వస్తాయి. తెలుగు బైబిలు ఈ తేడాను ప్రయాస లేకుండా నిలుపుకోగా, రెండుచోట్లా 'యూ' అనవలసివచ్చిన ఆధునిక ఇంగ్లీషు అనువాదాలు అధోజ్ఞాపికలను ఆశ్రయించవలసి వస్తోంది.

ఈ మాట చరిత్రలో అన్నిటికన్నా విచిత్రమైన అధ్యాయం క్వేకర్లది. జార్జ్ ఫాక్స్ (1624–1691) బోధనల చుట్టూ 17వ శతాబ్దం నడుమ ఏర్పడిన ఈ క్రైస్తవ శాఖవారు తమను మిత్రసమాజమని చెప్పుకునేవారు. దేవుడి ముందు మనుషులందరూ సమానులైనప్పుడు ఒకరికి టోపీ తీయడమూ, ఒక్కరినే అనేకులుగా లెక్కించి పిలవడమూ అబద్ధపు మర్యాదలని నమ్మి, న్యాయాధికారినైనా ప్రభువునైనా 'దౌ', 'దీ' అనే పిలిచేవారు. వ్యాకరణరీత్యా వారి వాదానికి తిరుగు లేదు. 1660లో ఫాక్స్, జాన్ స్టబ్స్, బెంజమిన్ ఫర్లీ కలిసి పలు భాషల ఏకవచన బహువచనాలను ఉదాహరిస్తూ ఒక పెద్ద గ్రంథమే ప్రకటించి, పసిపిల్లలు అక్షరాలు దిద్దే పలక పేరును దానికి పెట్టి, ఒకటికీ అనేకానికీ తేడా తెలియని పండితులకు ఇది పాఠమని ఎద్దేవా చేశారు. వినేవారికి మాత్రం అందులో వ్యాకరణం వినపడలేదు, తలబిరుసుతనం వినపడింది. తరవాత కవి మిల్టన్‌కు స్నేహితుడై, 'పారడైజ్ రీగెయిన్డ్' రచనకు ప్రేరణ ఇచ్చినవాడుగా పేరుపడిన థామస్ ఎల్‌వుడ్, తాను కొత్తగా క్వేకరైన రోజుల్లో తండ్రిని 'దౌ' అన్నందుకూ, ఆయన ఎదుట టోపీ తీయనందుకూ ఎన్ని దెబ్బలు తిన్నదీ తన ఆత్మకథలో రాసుకున్నాడు. నాన్నను 'ఏరా' అన్న కొడుకుకు తెలుగు ఇళ్లలో జరిగే మర్యాద ఎటువంటిదో తెలిసినవారికి ఆ తండ్రి ఆగ్రహం కొంతైనా అర్థమవుతుంది. సమానత్వం కోసం ఇంత కష్టపడిన ఆ సమాజం వ్యాకరణాన్ని మాత్రం చివరిదాకా కాపాడలేకపోయింది. తరవాతి తరాల క్వేకర్లు, ముఖ్యంగా అమెరికాలో, కర్తగా కూడా 'దీ'నే వాడుతూ, దానికి ప్రథమ పురుష క్రియను తగిలించి తమలో తాము మాట్లాడుకున్నారు.

17వ శతాబ్దం ముగిసేసరికి లండన్ శిష్టుల నోట 'దౌ' దాదాపు మాయమైంది. ఎందుకన్న ప్రశ్నకు పండితులు పలు సమాధానాలు చెప్పారు. నగరం పెరిగి, వ్యాపారంతో సంపన్నులైన కొత్తవారు ఎవరో, వారి హోదా ఏమిటో పోల్చుకోవడం కష్టమై, పొరపాటున అవమానించడం కన్నా అందరినీ 'యూ' అనడమే క్షేమమని జనం తలచి ఉంటారన్నది వాటిలో నమ్మదగినది. క్వేకర్లతో ముడిపడి ఆ మాటకు ఒక మతవర్గపు ముద్ర పడటం, దాని వెంట వచ్చే 'స్ట్' క్రియలు పలకడానికి ఇబ్బందిగా ఉండటం కూడా తోడై ఉండవచ్చు. 1653లోనే జాన్ వాలిస్ లాటినులో రాసిన తన ఇంగ్లీషు వ్యాకరణంలో, ఒక్కరిని 'దౌ' అనడం తిరస్కారానికో ముద్దుకో మాత్రమే చెల్లుతుందన్నాడు. ఒక శతాబ్దం గడిచాక 1762లో రాబర్ట్ లోత్ తన వ్యాకరణంలో, మర్యాద భాషలోనే గాక ఇంటి మాటల్లో కూడా అది వాడుక తప్పిందని నమోదు చేస్తూనే, ప్రసిద్ధ కవి పోప్ దాని పక్కన సరైన క్రియారూపం వాడలేదని తప్పు పట్టాడు. చచ్చిన మాటకు క్రియ తప్పిందని గొడవపడటం వ్యాకర్తలకే చెల్లింది. 'దౌ' పోయిన లోటు పూడ్చుకోవడానికి ఆ శతాబ్దంలో చాలామంది చదువుకున్నవారు సైతం ఒక్కరిని ఉద్దేశించినప్పుడు 'యూ' పక్కన 'వాజ్' అనే ఏకవచన క్రియను చేర్చి మాట్లాడారు. ఎంతో ఉపయోగకరమైన ఆ ఏర్పాటును కూడా లోత్ వంటివారు తప్పుగా తేల్చి తరిమేశారు.

ఇళ్లలో ఆగిపోయిన మాట ప్రార్థనల్లో మిగిలింది. ఆదివారం గుడిలో దేవుణ్ణి పిలిచేటప్పుడు, పెళ్లి ప్రమాణం చెప్పేటప్పుడు, కీర్తన పాడేటప్పుడు తప్ప మరెక్కడా వినపడని పిలుపు గుడి పరిమళాన్నే తన అర్థంగా చేసుకోవడంలో వింత లేదు. దగ్గరితనంతో దేవుణ్ణి 'నీవు' అన్న మాటను రెండు మూడు తరాల తరవాతివారు భయభక్తులతో 'తాము' అన్నట్లుగా వినసాగారు. కీట్సు, షెల్లీ వంటి కవులు పిట్టను, గాలిని, పాతకాలపు కలశాన్ని సంబోధించడానికి దాన్నే ఎంచుకోవడంతో అది కవిత్వ భాషగా కూడా ముద్రపడింది. 20వ శతాబ్దానికి అర్థం పూర్తిగా తలకిందులైందనడానికి బైబిలు సంస్కరణలే సాక్ష్యం: 1952లో పూర్తయిన సవరించిన ప్రామాణిక అనువాదం మనుషులందరినీ 'యూ'గా మార్చి, దేవుడికి మాత్రం ప్రత్యేక మర్యాదగా 'దౌ' అట్టిపెట్టింది. టిండేల్ చూస్తే నిర్ఘాంతపోయేవాడు. 1980లో వచ్చిన 'ది ఎంపైర్ స్ట్రైక్స్ బ్యాక్' సినిమాలో డార్త్ వేడర్ తన చక్రవర్తి ఎదుట మోకరిల్లి, ఆయన ఆజ్ఞ ఏమిటని అడుగుతూ 'దై' అన్నది వినయం చూపడానికే. ఎలిజబెత్ రాణి కాలంలో ఏ సేవకుడైనా అంత మాటంటే వీపు చిట్లేది.

తెలుగు పాఠకులకు ఈ మాటతో పరిచయం అధికంగా రవీంద్రుడి వల్ల కలిగింది. 1912లో లండన్‌లో వెలువడిన ఆంగ్ల గీతాంజలిలో ఈశ్వరుడి సంబోధన అంతా 'దౌ'మయం. బెంగాలీలో 'తుయి', 'తుమి', 'ఆపని' అని మూడు మెట్లుండగా, రవీంద్రుడు మూలగీతాల్లో పట్టుకున్నది నడిమి మెట్టు, అంటే స్నేహితులూ దంపతులూ వాడుకునే 'తుమి'. ఇంగ్లీషులో దానికి సాటి అయిన మాట బతికి లేకపోవడంతో ఆయన తీసుకున్న 'దౌ', చెలిమితో పలికిన గీతాలకు క్రైస్తవ స్తోత్రాల గంభీరధ్వని ఇచ్చింది. పాశ్చాత్య పాఠకులకు ఆయన ప్రేమికుడిగా కన్నా ప్రవక్తగా కనిపించడంలో ఆ సర్వనామం పాత్ర చిన్నది కాదు. రాముణ్ణి, వేంకటేశ్వరుణ్ణి 'నీవు' అనడమే కాక అవసరమైతే నిలదీసి తిట్టిన సంకీర్తన సంప్రదాయం గల తెలుగులో గీతాంజలి అనువాదకులకు ఈ చిక్కు ఎదురుకాలేదు.

తాత్త్వికుడు మార్టిన్ బూబర్ 1923లో జర్మనులో రాసిన గ్రంథానికి పట్టిన గతి కూడా ఇటువంటిదే. దాని పేరులోని 'డూ' జర్మన్లు పసిపిల్లలతో, స్నేహితులతో, ప్రేమికులతో, దేవుడితో కూడా వాడే సజీవమైన 'నువ్వు'. మనిషికి మనిషి ఎదురుపడే క్షణంలోని దగ్గరితనం గురించే ఆ గ్రంథమంతా. రోనాల్డ్ గ్రెగర్ స్మిత్ 1937లో దాన్ని ఇంగ్లీషు చేస్తూ 'ఐ అండ్ దౌ' అని పేరు పెట్టాడు. 1970లో కొత్త అనువాదం చేసిన వాల్టర్ కాఫ్‌మన్, 'దౌ' అన్నది ఏ ప్రేమికుడూ ఏ మిత్రుడూ నోట పలకని చర్చి మాట అని అభ్యంతరం చెప్పి పుస్తకం లోపల 'యూ' వాడాడు గాని, అప్పటికే ప్రసిద్ధికెక్కిన పేరును ముఖచిత్రం మీద మార్చలేకపోయాడు.

గమనించవలసిన విషయమేమంటే, ఇంత జరుగుతున్నా ఆ మాట అసలు అర్థంలో పూర్తిగా చావలేదు. ఉత్తర ఇంగ్లండులోని యార్క్‌షైర్, లాంకషైర్ పల్లెల్లో, గని కార్మికుల వాడల్లో అది 'దా' అన్న రూపంలో 20వ శతాబ్దమంతా వినపడింది. సమవయస్కుల మధ్య చెల్లుబాటై, పెద్దల దగ్గర వాడిన పిల్లలకు చీవాట్లు తెచ్చిపెట్టింది. డి.హెచ్. లారెన్స్ 1928లో ప్రచురించిన నవలలో అడవి కాపరి మెల్లర్స్ దొరసాని కానీతో చనువు కలిగినప్పుడు ఆ మాండలికంలోకీ, దూరం చూపదలచినప్పుడు శుద్ధమైన ఇంగ్లీషులోకీ మారుతుంటాడు. షెఫీల్డువారు ఆ మాటల మొదటి హల్లును 'డ' అని గట్టిగా పలుకుతారని పొరుగున ఉన్న బార్న్‌స్లీ వారు వారికి 'డీ–డా'లని ముద్దుపేరు పెట్టారు.

ప్రామాణిక ఇంగ్లీషు మాత్రం ఏకవచనాన్ని వదులుకున్నందుకు బహువచనం దగ్గర ఇబ్బంది పడుతూనే ఉంది. ఒక్కరికీ పదిమందికీ 'యూ' ఒక్కటే అయ్యేసరికి, ఐర్లండులోనూ లివర్‌పూల్‌లోనూ 'యూజ్' అనీ, అమెరికాలో పిట్స్‌బర్గ్ వైపు 'యింజ్' అనీ, దక్షిణ రాష్ట్రాల్లో 'యాల్' అనీ జనం కొత్త బహువచనాలు అల్లుకున్నారు. వీటిలో బలంగా వేళ్లూనినది 'యాల్'. టెక్సస్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లల నోట కూడా అది వినపడుతుంది. దుకాణంలోకి ఒంటరిగా వచ్చిన గిరాకీని సైతం కొందరు మర్యాదకు 'యాల్' అంటారా, లేక అలా అన్నప్పుడు అతడి ఇంటివారందరినీ మనసులో ఉంచుకునే అంటారా అన్న విషయమై అమెరికన్ భాషావేత్తల మధ్య చాలాకాలంగా వాదం నడుస్తోంది.